అరవై బారల నుయ్యి

మా అమ్మానాన్న మొదటిసారి ఇంగ్లండ్ వచ్చిన ఏడాది, మొదటి నాలుగు శనివారాలూ వాళ్ళను ఊపిరి తీసుకోనివ్వకుండా తిప్పాను. లండన్‌లో ఒకే రోజు ఐదు చోట్లు. మరుసటి వారం స్టోన్‌హెంజ్, అటునుంచటే బాత్. ఆ తర్వాత విండ్సర్ కోట. ఆ పై వారం మళ్ళీ లండన్. ప్రతి చోటా టికెట్టు, క్యూ, ఫోటో, పార్కింగ్ టైం అయిపోతుందన్న టెన్షన్. నాలుగో వారం రాత్రి ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్న అమ్మ అడిగింది: "ఇంకా ఎన్ని ఉన్నాయే, చూడాల్సినవి?"

ఆ గొంతులో ఫిర్యాదు లేదు. డాక్టరు రాసిచ్చిన మాత్రలు ఇంకెన్నాళ్ళు మింగాలో అడిగినట్టు అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆరు నెలల వీసా మీద, కొబ్బరి దింపు పనులు వేరేవాళ్ళకు అప్పజెప్పి, జీవితంలో మొదటిసారి విమానం ఎక్కి వచ్చిన మనుషులు. వాళ్ళకు నేను చూపిస్తున్నది ఏమిటి?

మేముండేది రెడింగ్‌లో. ఇంగ్లిష్‌లో రాస్తే 'చదవడం' అనే మాటలా కనిపిస్తుంది కానీ ఊరి పేరు పలికేది రెడింగ్ అనే. కెన్నెట్ నది వచ్చి థేమ్స్‌లో కలిసే చోట ఉన్న ఊరు. లండన్ పాడింగ్టన్‌కు వేగంగా పోయే రైలెక్కితే అరగంటలోపే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పుణ్యమా అని మన తెలుగువాళ్ళు చాలామంది ఇక్కడే స్థిరపడ్డారు. సంక్రాంతికి ముగ్గులూ ఉంటాయి, వినాయక చవితికి మట్టి విగ్రహాలూ దొరుకుతాయి. ఏ ఇంట్లో చూసినా ఏదో ఒక నెలలో ఊరి నుంచి వచ్చిన అమ్మలూ నాన్నలూ, అత్తమామలూ ఉంటారు. వారమంతా నాలుగు గోడల మధ్య. వారాంతం వస్తే మోటార్‌వే మీద.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళను దూరాన ఉన్న పెద్ద పెద్ద కట్టడాలకు కాదు, అరగంట దూరంలో ఉన్న చిన్న ఊళ్ళకు తీసుకెళ్ళండి. వాళ్ళ మీద జాలితో కాదు. పల్లెను చూడటం వాళ్ళకు వచ్చినంత మనకు రాదు కాబట్టి. ఇంగ్లండ్ పల్లెటూరును నాకు చూపించింది ఇంగ్లిష్ ఒక్క ముక్క రాని మా అమ్మే.

అయిదో శనివారం కారు సర్వీసింగ్‌కు ఇచ్చాం. వర్షం పడేలా ఉంది. ఇంట్లో కూర్చోలేక ఆక్స్‌ఫర్డ్ వైపు వెళ్ళే, అన్ని స్టేషన్లలో ఆగే రైలెక్కాం. టైల్‌హర్స్ట్, పాంగ్‌బోర్న్, ఆ తర్వాత గోరింగ్. మూడో స్టేషన్. దిగి ఐదు పది నిమిషాలు నడిస్తే థేమ్స్. ఇవతలి ఒడ్డున గోరింగ్, అవతలి ఒడ్డున స్ట్రీట్లీ. ఈ రెండు ఊళ్ళ మధ్యే సుద్దరాతి కొండలను కోసుకుంటూ నది దక్షిణానికి దారి చేసుకుంది. మంచుయుగంలో జరిగిన పని అది. రెండు వైపులా కొండలు ఇప్పటికీ తెగిన గట్టులా కనిపిస్తాయి.

వంతెన మీద నిలబడి నేను ఫోటో కోసం చోటు వెతుకుతుంటే నాన్న అప్పటికే కిందికి దిగిపోయారు. "అమ్మాయ్, ఇవి లాకులే!" అని కేకేశారు.

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకు లాకులంటే వివరించక్కర్లేదు. మిగతావాళ్ళకు చెప్పాలంటే, నీటిమట్టం మారే చోట పడవలను పైకీ కిందికీ దాటించే తలుపుల తొట్లు. ధవళేశ్వరంలో లాకులు, విజ్జేశ్వరంలో లాకులు, కాలువల పొడవునా లాకులు. 'లాకుల దగ్గర దిగుతాను' అంటే బస్సు కండక్టరుకు చాలు. మా పిల్లల తరానికి అవి సాయంత్రం కూర్చునే చోట్లు మాత్రమే. నాన్న చిన్నతనంలో మాత్రం వాటిలోంచి పడవలు వెళ్ళేవి. ధాన్యం, కొబ్బరికాయలు వేసుకుని పెద్ద పడవ రాగానే లాకుల పనివాడు లస్కరు వచ్చి తలుపులు మూయడం, నీళ్ళు నిండుతుంటే పడవ మెల్లగా పైకి లేవడం, ఆయన గట్టు మీద కూర్చుని గంటల తరబడి చూశారట.

గోరింగ్ లాకుల్లోకి సరిగ్గా అప్పుడే ఒక పడవ వచ్చింది. దిగువ తలుపులు మూసుకున్నాయి. ఎగువ షట్టర్లు లేచాయి. తొట్టిలో నీళ్ళు సుడులు తిరుగుతూ నిండాయి. ఇక్కడ తలుపులు మనుషులు తోయనక్కర్లేదు. లాకుల కీపరు మీట నొక్కితే చాలు. నాన్న మా ఏడేళ్ళవాడిని గట్టు మీద కూర్చోబెట్టుకుని, రెండు వైపులా నీటిమట్టం సమానమయ్యేదాకా తలుపు ఎందుకు తెరుచుకోదో తెలుగులో చెప్తున్నారు. కీపరు అది చూసి దగ్గరికొచ్చాడు. నాన్న ఆయనకు చేతులతో కాలువ చూపించారు, పడవ చూపించారు, తలుపు తోసే దూలం చూపించారు. ఆయనకు అర్థమైంది. ఇద్దరూ ఒకే పని తెలిసిన మనుషుల్లా తలలూపుకున్నారు. సముద్రపు ఆటుపోట్లు తాకని థేమ్స్ మీద ఇలాంటి లాకులు 45 ఉన్నాయని ఆయన చెప్తే, నేను తెలుగు చేసి చెప్పాను. "మరి మిగతా 44?" అన్నారు నాన్న.

నాలుగు వారాలు అంత తిప్పినా ఆయన నోటి నుంచి రాని ప్రశ్న అది.

అదే చోట మరో సంగతి కూడా తెలిసింది. 1837లో వంతెన వచ్చేదాకా ఈ రెండు ఊళ్ళ మధ్య దాటాలంటే పడవే దిక్కు. 1674లో గోరింగ్‌లో జరిగిన ఉత్సవం చూసుకుని స్ట్రీట్లీకి తిరిగి వెళ్తున్న జనంతో పడవ బోల్తా పడి సుమారు 60 మంది చనిపోయారు. నేను చెప్తుంటే అమ్మ నది వైపు చూస్తూ ఉండిపోయింది. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగినప్పుడు మా ఇళ్ళల్లో రోజుల తరబడి టీవీ కట్టేయలేదు. "పండగకి వెళ్ళి వస్తున్నవాళ్ళేనా?" అని అడిగి, ఒడ్డున నిలబడే దణ్ణం పెట్టుకుంది. మూడున్నర వందల ఏళ్ళ కిందట పోయిన, పేరు తెలియని మనుషుల కోసం. ఆ వంతెన మీద నేను అంతకుముందు రెండుసార్లు నడిచాను, కాఫీ కప్పు చేత్తో పట్టుకుని.

అక్కడి నుంచి నది ఒడ్డున థేమ్స్ పాత్ అనే కాలిబాట ఉంది. నది పుట్టిన చోటి నుంచి లండన్ దాకా 180 మైళ్ళ పైచిలుకు దారి. అమ్మ మోకాళ్ళ వల్ల గేట్‌హాంప్టన్ దగ్గర రైలు వంతెన దాకా మాత్రమే నడిచాం. ఇంజనీరు బ్రూనెల్ కట్టిన ఇటుక కమానుల వంతెన అది. 1840లో ఈ రైలుమార్గం మొదలైన నాటిది. దాని కింద కూర్చుని పులిహోర తిన్నాం. తల మీద నుంచి రైలు పోయినప్పుడల్లా మావాడు లేచి నిలబడ్డాడు. అటు పైన కొండ ఎక్కి హార్ట్స్‌లాక్ అడవి దాటితే పాంగ్‌బోర్న్ చేరొచ్చు. మే నెలలో ఆ వాలు మీద అరుదైన ఆర్కిడ్ పూలు పూస్తాయి. అంత ఓపిక లేనప్పుడు మేం చేసినట్టే వెనక్కి వచ్చి రైల్లో ఒక్క స్టేషన్ వెళ్ళి దిగినా తప్పేం లేదు. పాంగ్‌బోర్న్‌కు, విట్‌చర్చ్‌కు మధ్య ఒక వంతెన ఉంది. 1792లో పార్లమెంటు చట్టంతో మొదలైన టోల్ వంతెన. ఇప్పటికీ కార్ల దగ్గర డబ్బు తీసుకుంటారు. నడిచేవాళ్ళకు ఉచితం. నాన్నకు ఇది ఎంత నచ్చిందంటే అటూ ఇటూ రెండుసార్లు నడిచారు.

ఇక స్టోక్ రో. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ ఊరే.

రెడింగ్ నుంచి పది మైళ్ళు కూడా ఉండదు. బస్సు అరుదు కాబట్టి కార్లోనే వెళ్ళాం. చిల్టర్న్ కొండల మీద బీచ్ చెట్ల అడవుల మధ్య చిన్న ఊరు. రోడ్డు పక్కనే, ఎక్కడో కాశీ ఘాట్ నుంచి ఎత్తుకొచ్చి పెట్టినట్టు, గుండ్రటి గుమ్మటంతో ఒక ఇనుప మండపం. లోపల నీళ్ళు తోడే చక్రాలు, వాటి మీద బంగారు రంగు ఏనుగు. దాని కింద నుయ్యి.

కథ ఇది. ఈ కొండలన్నీ సుద్దరాయి. వాన కురిస్తే నీరు పైన నిలవదు, ఇంకిపోయి ఎక్కడో లోతుకు వెళ్ళిపోతుంది. కొండ మీద ఊళ్ళకు వాగూ లేదు, నుయ్యీ లేదు. మట్టి తవ్విన గుంటల్లో నిలిచిన మురికి నీరే వాడుకునేవాళ్ళు, లేదా మైళ్ళు నడిచి తెచ్చుకునేవాళ్ళు. పక్క ఊరు ఇప్స్‌డెన్‌లో పుట్టిన ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్ అనే ఆయన ఉత్తర భారతంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా దశాబ్దాలు పనిచేశాడు. 1831లో ఆజంగఢ్‌లో ప్రజల కోసం ఒక నుయ్యి తవ్వించాడు. కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌తో మాటల్లో తన ఊరి సంగతి చెప్పాడట. కరువు రోజుల్లో ఇంట్లో మిగిలిన చివరి నీళ్ళు తాగేశాడని ఒక తల్లి తన పిల్లాడిని కొట్టడం తాను చూశానని. రాజు అది మరచిపోలేదు. కొన్నేళ్ళ తర్వాత ఇంగ్లండ్‌లో ఏదైనా మంచి పని చేయాలనుకున్నప్పుడు ఆ పిల్లాడే గుర్తొచ్చాడు. 1863 మార్చిలో తవ్వకం మొదలై, 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, నుయ్యి ఊరికి అందింది. డబ్బంతా రాజుదే.

లోతు 368 అడుగులు. వెడల్పు నాలుగడుగులు. మొత్తం చేత్తోనే తవ్వారు. లండన్ సెయింట్ పాల్స్ చర్చి గోపురం ఎత్తు 365 అడుగులు. ఆ చర్చి ఎత్తుకంటే ఈ నూతి లోతు ఎక్కువ.

నేను బోర్డు మీద ఉన్న అడుగులు చదివితే అమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. "బారల్లో చెప్పు" అంది. రెండు చేతులూ చాపితే ఒక బార, సుమారు ఆరడుగులు. లెక్కవేసి, అరవై పైనే అన్నాను.

అమ్మ చక్రం మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. మా ఊళ్ళో నుయ్యి రెండు బారలు. ఎండాకాలంలో మూడు. చేద వేస్తే చప్పుడు వెంటనే వినిపిస్తుంది. అయినా పెళ్ళయిన కొత్తలో గిలక లేని నూతిలో రోజుకు యాభై చేదలు తోడి అరచేతులు బొబ్బలెక్కాయని ఇప్పటికీ చెప్తుంది. ఆవిడ అరవై బారలను నాలా అంకెగా వినలేదు. తాడుగా విన్నది. "తాడు బరువే మణుగు పైన ఉంటుంది. అందుకే ఇన్ని చక్రాలు" అంది. తర్వాత వరసగా ప్రశ్నలు. నీళ్ళకు డబ్బు తీసుకునేవాళ్ళా? తీసుకునేవాళ్ళు కాదు, ఊరివాళ్ళకు ఉచితం. మరి చక్రం విరిగితే ఎవరు బాగు చేయిస్తారు? అందుకే పక్కన చెర్రీ తోట వేశారు, దాని మీద వచ్చే డబ్బుతో నుయ్యి చూసుకునేవాళ్ళు. తోటలో ఒక చెరువు కూడా తవ్వించారు, చేప ఆకారంలో. చేప రాజు గారి చిహ్నం.

అమ్మ ఒక్క క్షణం ఆగి, వేళ్ళ మీద లెక్క పెట్టింది. "తోట, చెరువు. సప్తసంతానాల్లో రెండు ఇక్కడే చేసుకున్నాడు మారాజు."

నాకు ఒళ్ళు ఝల్లుమంది. తటాకం, నిధి, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, పుత్రుడు. మనిషి పోయాక కూడా పేరు నిలబెట్టే ఏడు సంతానాలు. కాకతీయుల కాలం నుంచీ మన శాసనాల్లో, కావ్యాల్లో కనిపించే మాట. చెర్రీ తోటను నేను ఖర్చుల కోసం చేసిన ఏర్పాటుగానే చదివాను. అది నిజమే. కానీ నీళ్ళు ఇచ్చినవాడు నీడ కూడా ఇవ్వాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వస్తుందో, తోటనూ చెరువునూ కలిపి చూడాలని ఎందుకు అనిపిస్తుందో బోర్డు చెప్పదు. మూడో తరగతి దాకా చదివిన మా అమ్మ చెప్పింది. ఇంగ్లిష్ పల్లెలో ఉన్న ఆ కాశీ నుయ్యిని పూర్తిగా చదవగలిగింది ఆ రోజు అక్కడున్న వాళ్ళలో ఆవిడొక్కతే.

ఆ నుయ్యి సుమారు 70 ఏళ్ళు ఊరి దాహం తీర్చింది. కుళాయిలు వచ్చాక రెండో ప్రపంచ యుద్ధం నాటికి వాడకం ఆగిపోయింది. 1964లో నూరేళ్ళ పండుగకు ప్రిన్స్ ఫిలిప్ వచ్చారు. ఇప్పుడు నూతి నోటికి మూత ఉంది, మండపానికి రంగులు వేసి శుభ్రంగా చూసుకుంటున్నారు. తోట ఇంకా ఉంది. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. టికెట్టు లేదు.

ఈ కథలో చేదు కూడా ఉందని నాకు తెలుసు. 1857లో కాశీ రాజు కంపెనీ పక్షాన నిలబడ్డాడు. 1860-61లో గంగా యమునల మధ్య ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చి లక్షల మంది పోయారు. అది జరిగిన రెండేళ్ళకే కాశీ రాజు డబ్బుతో ఇంగ్లండ్ కొండ మీద నుయ్యి తవ్వారు. ఇది మరిచిపోయి మురిసిపోకూడదు. కానీ మన పిల్లలు ఇక్కడి బడిలో విక్టోరియా కాలం గురించి చదువుకునేటప్పుడు, ఇచ్చింది ఎప్పుడూ వాళ్ళే, పుచ్చుకున్నది ఎప్పుడూ మనమే అన్న చిత్రం వాళ్ళ మనసులో పడుతుంది. ఆ చిత్రాన్ని సరిచేయడానికి నేను వంద మాటలు చెప్పనక్కర్లేదు. పది మైళ్ళ దూరంలో నుయ్యి ఉంది. తీసుకెళ్ళి చూపిస్తే చాలు.

దీనికి జోడు కథ నాన్న చేతిలో ఉంది. ఆయనకు ఇంగ్లండ్‌లో చూడాలని ఉన్న చోటు ఒక్కటే, కాటన్ దొర సమాధి. సర్ ఆర్థర్ కాటన్ రిటైరయ్యాక సర్రే జిల్లాలోని డార్కింగ్‌లో ఉన్నారు, 1899లో అక్కడే పోయారు. రెడింగ్ నుంచి గిల్డ్‌ఫర్డ్ మీదుగా వెళ్ళే రైలు డార్కింగ్ డీప్‌డీన్‌లో ఆగుతుంది. మారాల్సిన పని లేదు. గంట ప్రయాణం. స్టేషన్ నుంచి శ్మశానానికి నడిచే వెళ్ళొచ్చు. నేను చెప్పిన అరగంట లెక్కలోకి ఇది రాదు. కానీ గోదావరి డెల్టా అన్నం తిన్న ఎవరికైనా ఈ మినహాయింపు ఇస్తాను.

1832-33 డొక్కల కరువు గురించి నాన్నకు వాళ్ళ తాతల నుంచి వచ్చిన మాటలున్నాయి. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక డెల్టా రూపే మారిపోయింది. ఆ నీటితో కంపెనీకి శిస్తు కూడా బాగా పెరిగిందని నాన్నకు తెలుసు. "ఎవడి లాభం కోసమైనా కట్టనీ, నీళ్ళు మన చేలోకొచ్చాయి కదా" అన్నారు. సమాధి దగ్గర ఆయన ఎక్కువసేపు మాట్లాడలేదు. జేబులోంచి చిన్న పొట్లం తీశారు. మా చేలో పండిన వడ్లు, నాలుగు గింజలు. ఊరి నుంచి వచ్చేటప్పుడే తెచ్చుకున్నారట, నాతో కూడా చెప్పకుండా. అవి అక్కడ పెట్టి వచ్చేశాం.

మిగతా ఊళ్ళ గురించి ఎక్కువ చెప్పను, మీరే చూడాలి. ఒక్క ఈవెల్మ్ గురించి మాత్రం చెప్పాలి. వాలింగ్‌ఫర్డ్ దగ్గర చిన్న పల్లె. కవి చాసర్ మనవరాలు ఆలిస్, ఆమె భర్త కలిసి 1437లో 13 మంది పేదవాళ్ళు ఉండటానికి ఇళ్ళు కట్టించారు. పక్కనే చర్చి, పక్కనే బడి. ఆరు వందల ఏళ్ళు కావస్తున్నా ఆ ఇళ్ళల్లో వృద్ధులు ఉంటున్నారు, ఆ బడి భవనంలో పిల్లలు చదువుకుంటున్నారు. ముసలివాళ్ళ ఇళ్ళు ఊరికి దూరంగా కాకుండా బడి పక్కనే ఎందుకు పెట్టారో అమ్మ నాకు వివరించనక్కర్లేకపోయింది. బడి వదిలే వేళకు మేం అక్కడే ఉన్నాం. ఊళ్ళోంచి పారే సన్నటి ఏట్లో ఒకప్పుడు వాటర్‌క్రెస్ అనే ఆకుకూర పండించేవాళ్ళు. నీళ్ళల్లో మా తూటికూరలా పెరుగుతుంది. కొంచెం కారంగా ఉంటుంది. ఇప్పుడక్కడ కోయనివ్వరు కానీ సూపర్ మార్కెట్లో దొరుకుతుంది. కందిపప్పులో వేస్తే బాగుంటుందని అమ్మ కనిపెట్టింది. మా ఇంట్లో ఇప్పుడది వారానికోసారి ఉంటుంది.

మేపుల్‌డరమ్‌లో నీటి మర ఉంది, థేమ్స్ మీద ఇప్పటికీ పిండి ఆడుతున్నది అదే. తెరిచే రోజులు చూసుకుని వెళ్ళాలి. సిల్చెస్టర్‌లో రోమన్ల ఊరి ప్రహరీ గోడ మైలున్నర చుట్టుకొలతతో నిలబడి ఉంది, లోపల మాత్రం గొర్రెలు, గడ్డి. మన నేలలో దొరికిన రోమన్ నాణేల కాలంలో బతికిన ఊరు. చరిత్ర ఇష్టమైన పెద్దవాళ్ళుంటే తప్పకుండా వెళ్ళండి.

నా మాటకు అడ్డు చెప్పేవాళ్ళు ఏమంటారో నాకు తెలుసు, ఎందుకంటే ఆ మాటలు ఒకప్పుడు నేనే అన్నాను.

"అంత డబ్బు పెట్టి వచ్చారు, లండన్ చూడకపోతే ఊళ్ళో ఏం చెప్పుకుంటారు?" అంటారు. చూపించండి. ఒక్క రోజు. కానీ మా అమ్మ ఊరెళ్ళాక వీధి అరుగు మీద చెప్పుకున్నది లండన్ గురించి కాదు. మంచి కథ చెప్పాలంటే మనిషికి ఆ చోటుతో ఏదో ఒక సంబంధం కలవాలి. చుట్టాలింటికి వెళ్ళినట్టు వెళ్ళాలి. ఒక్క రోజులో ఐదుగురు చుట్టాల ఇళ్ళకు వెళ్తే ఎవరింట్లోనూ కూర్చున్నట్టు ఉండదు, పైగా అయిదుగురికీ కోపం.

"పిల్లలకు బోర్ కొడుతుంది" అన్నది రెండో మాట. పిల్లలకు బోర్ కొట్టేది పెద్దవాళ్ళు ఫోన్లో దారి చూసుకుంటూ, ఫోటోలకు నిలబెడుతూ ఉంటే. తాత లాకుల గురించి చెప్తుంటే మావాడు కదల్లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడమంటే మొండికేసే పిల్లాడు ఆ రోజు గట్టు, తూము, లస్కరు, చేద, గిలక అన్న మాటలు అడిగి నేర్చుకున్నాడు. ఎదురుగా వస్తువు ఉంది, చెప్పే మనిషి ఉన్నాడు, కాబట్టి వచ్చాయి. చిల్టర్న్ ఆకాశంలో ఎర్ర గద్దలు తిరుగుతుంటే అమ్మ "కోడిపిల్లలు జాగ్రత్త" అంటుంది. ఈ దేశంలో దాదాపు కనుమరుగైన ఆ పక్షులను 1989 నుంచి కొన్నేళ్ళపాటు స్పెయిన్ నుంచి తెచ్చి ఈ కొండల్లోనే వదిలారని వాడు బడిలో విన్న సంగతి నానమ్మకు కాదు, అమ్మమ్మకు చెప్పాలని ఇంటిదాకా దాచుకున్నాడు. అలాంటి ఇచ్చిపుచ్చుకోవడం క్యూల్లో కుదరదు.

మూడోది ఎవరూ పైకి అనరు. ఆ పల్లెల్లో మనలాంటివాళ్ళు కనిపించరు, వింతగా చూస్తారేమో అన్న జంకు. ఈ జంకును తీసిపారేయను. ఒక ఊళ్ళో మేం కాలిబాట మీద వెళ్తుంటే ఒకాయన ఆపి, దారి తప్పారా అని అడిగిన తీరు నాకు నచ్చలేదు. అమ్మ చీర కొంగు సర్దుకుని వెనక్కి వెళ్దామంది. కానీ ఇక్కడ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో అందరికీ నడిచే హక్కున్న బాటలు అన్నీ కలిపి లక్ష మైళ్ళకు పైనే ఉన్నాయి. అవి పొలాల మధ్య నుంచి, ఒక్కోసారి పెద్ద బంగళాల పక్క నుంచి కూడా పోతాయి. భూమి ఎవరిదైనా ఆ బాట మీద నడిచే హక్కు చట్టం అందరికీ ఇచ్చింది. అందరికీ అంటే ఆరు నెలల వీసా మీద వచ్చిన మా అమ్మకు కూడా. ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాపులో ఆకుపచ్చ చిన్న చిన్న గీతలతో ఆ బాట ఉంటే ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. నేను ఆయనకు మ్యాపు చూపించాను, అమ్మ చెయ్యి పట్టుకుని ముందుకే నడిచాను. ఆ తర్వాత ఎదురైన ముగ్గురూ నవ్వి పలకరించారు. మనం వెళ్ళకపోతే మన ముఖాలు అక్కడ ఎప్పటికీ కొత్తవిగానే ఉంటాయి.

ఇబ్బందులు మాత్రం నిజంగా ఉన్నాయి. ఆదివారం చాలా పల్లెలకు బస్సు ఉండదు, శనివారమే పెట్టుకోండి. 2025 నుంచి ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఒకసారి ఎక్కితే 3 పౌండ్లకు మించి తీసుకోరు, కుటుంబానికి అది చవకే. పల్లెటూరి పబ్బుల్లో మధ్యాహ్నం వంట ఆపేస్తారు, అన్నం కట్టుకుని వెళ్ళడమే మేలు. అక్టోబరు నుంచి మార్చి దాకా బురద, అమ్మ చెప్పులకు బదులు బూట్లు కొనివ్వండి, మొదట వద్దంటారు. మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే చూసుకోండి. పెద్దవాళ్ళు అడగరు, నీళ్ళు తాగడం మానేస్తారు.

అమ్మానాన్న వెళ్ళి నెలలవుతోంది. నాన్న ఇప్పటికి 45లో 11 లాకులు చూశారు, మిగతా వాటి పేర్లు కాగితం మీద రాసి గోడకు అంటించి వెళ్ళారు. మొన్న వీడియో కాల్‌లో అమ్మ వెనకాల పక్కింటావిడ కూడా కూర్చుని ఉంది. "అరవై బారలు" అని అమ్మ ఆవిడకు రెండు చేతులూ బార్లా చాపి చూపిస్తోంది. తర్వాత నా వైపు తిరిగి, ఆ మారాజు తోటలో చెట్లు పూత కొచ్చాయా అని అడిగింది. ఏప్రిల్ రెండో వారం, ఇప్పుడు పూసి ఉండాలి. శనివారం వెళ్ళి చూసి చెప్తానన్నాను.